ముట్టని పిండం, చల్లారని కాఫీ

అద్దె పుస్తకాల షాపు నడిపినవాడికి ఎవరూ చెప్పకుండానే ఒక సంగతి తెలిసిపోతుంది. ఇంట్లో మనిషి పోయినవాళ్లు మొదట్లో ఏడుపు నవల అడగరు. షాడో గూఢచారి నవల అడుగుతారు. నంద్యాలలో, నూనెపల్లె వైపు, నాకూ నా భార్యకూ అట్లాంటి షాపు ఒకటి ఉండేది. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చేదాకా బాగానే నడిచింది. భర్త పోయిన ఆడమనిషి, కొడుకు పోయిన తండ్రి, దినాలు అయిపోయి బంధువులు ఊళ్లకు మళ్లాక మెల్లగా వచ్చేవాళ్లు. మధుబాబు నవల ఒకటి పట్టుకెళ్లేవాళ్లు. షాడో ఎంతమంది మధ్య ఇరుక్కున్నా బతికి బయటపడతాడు. ఆ సమయంలో వాళ్లకు కావలసింది ఆ భరోసానే. ఏడాది తిరిగాక ఆ మనిషే మళ్లీ వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, మనసుకు పట్టే నవల ఏదన్నా ఉంటే ఇయ్యి" అనేవాడు.

ఈ లెక్క నాకంటే ముందు నా భార్య కనిపెట్టింది. షాపు ఖాతా ఆమే రాసేది. మనిషి పేరు, పుస్తకం పేరు, తేదీ, బాకీ. ఆ పక్కన పెన్సిలుతో, సన్నటి అక్షరాల్లో తన మాట. "బాగా ఏడిపించింది." "నడుమ సాగదీసినాడు." "టీచరమ్మకు ఇప్పుడే ఇయ్యొద్దు, ఇందులో బిడ్డ పోతుంది." షాపు పోయింది, ఆమె కూడా పోయింది, ఖాతా పుస్తకం ఉంది. శోకం మీద, ప్రేమ మీద, మనసు కుదుటపడటం మీద వచ్చే కథల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ పెన్సిలు రాతల్లోంచి నేర్చుకున్నదే.

ఇప్పుడు ఇట్లాంటి కథలకు ప్రపంచమంతా గిరాకీ. జపాన్ నుంచి, స్వీడన్ నుంచి వచ్చిన నవలలు లక్షల్లో అమ్ముడుపోతున్నాయి. మన దగ్గర ఒక చిన్న సినిమా ఊళ్లకు ఊళ్లను ఏడిపించింది. వీటన్నిట్లో ఉమ్మడిగా కనబడేది ఒకటే. దుఃఖానికి గడువు ఉండదు. కథ మాత్రం దానికి ఒక గడువు పెడుతుంది. ఆ గడువులోపల, మిగిలిపోయిన మాట చెప్పుకోవాలి. మనసును తేలికపరచే కథల కిటుకంతా ఆ గడువులోనే ఉంది.

పదకొండు రోజుల గడువు

2023 మార్చి 3న విడుదలైన 'బలగం' చూడండి. వేణు ఎల్దండి రాసి, తీసిన సినిమా. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన ఉన్నట్టుండి పోతాడు. మనవడు సాయిలు అప్పుల్లో మునిగి ఉన్నాడు. రెండు రోజుల్లో నిశ్చితార్థం, కట్నం వస్తే గండం గట్టెక్కుతానని చూస్తున్నవాడికి తాత చావు ముందు దుఃఖం కాదు, అడ్డంకి. ఎప్పుడో విందులో ఒక నల్లిబొక్క దగ్గర మాటా మాటా పెరిగి, అల్లుడు అలిగి వెళ్లిపోయాడు. ఆడబిడ్డ ఇరవై ఏళ్లకు తండ్రి శవం మీద పడి ఏడవడానికి పుట్టింటికి వస్తుంది. మూడో రోజు పిండం పెడితే కాకి ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. ఊరు గుసగుసలాడుతుంది, పంచాయితీ కూచుంటుంది. మిగిలింది పదకొండో రోజు.

ఇక్కడ కాకి చేసే పని గమనించండి. ఆ కుటుంబంలో ఎవడికి వాడు "నాదేం తప్పు" అని తప్పించుకోగలడు. కాకి దగ్గర ఆ మాట చెల్లదు. అది వచ్చి వాలేదాకా ఎవరూ లేవడానికి లేదు. చివరికి బుడిగ జంగం కళాకారులు కొమురయ్య బతుకునే పాటగా కట్టి వినిపిస్తారు. అప్పటిదాకా లెక్కలు చూసుకుంటున్న మనుషులు ఆ పాట ముందు కరిగిపోతారు. ఆ పాట పాడిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు నిజంగానే ఆ కళ మీద బతికినవాళ్లు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఊరి నడుమ తెర కట్టి ఈ సినిమాను అందరూ కలిసి చూశారు. చూశాక మాటల్లేని అన్నదమ్ములు మాట్లాడుకున్నారని పేపర్లు రాశాయి. ఒక సినిమా మనుషులను కలిపేసిందా అని నవ్వేవాళ్లు ఉంటారు. నాకు నవ్వు రాలేదు. ఆ కాకిని నేను ఎరుగుదును.

చిన్నాయన ఇచ్చిన మాట

మాది ఆళ్లగడ్డ. దేవుళ్ల విగ్రహాలు చెక్కడంలో పేరున్న ఊరు, ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మా నాయన శిల్పి కాదు. శిల్పుల ఉలులు కొలిమిలో కాల్చి, మొన తీసి, పదును పెట్టి ఇచ్చేవాడు. నల్లరాతి మీద పని చేసే ఉలి ఎంత గట్టిదైనా తొందరగా మొద్దుబారుతుంది కాబట్టి ఆయనకు చేతినిండా పని. మాట తక్కువ, బీడీ ఎక్కువ. మా చిన్నచెల్లెలికి సంబంధం చూస్తుండగానే పోయినాడు.

దినాల నాడు అన్నం ముద్ద, వడ, పక్కన ఆయనకు ఇష్టమని ఉగ్గాని, బీడీ కట్ట పెట్టినాము. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, కిందికి రాలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. పెద్దవాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకుంటున్నారు. మా చిన్నాయన ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, గట్టిగా అన్నాడు: "అన్నా, పిల్ల సంగతే కదా నీ బాధ. పెండ్లి నేను చేస్తా. నా మాట నమ్ము, తిను." కాసేపటికి ఒక కాకి దిగింది.

కాకికి ఆ మాట అర్థమైందా, ఆకలైందా అనే చర్చ నాకు అనవసరం. అంతమంది చుట్టాల ముందు అన్న మాట కాబట్టి చిన్నాయన వెనక్కి పోలేడు. పోలేదు. పెండ్లి ఆయనే చేసినాడు. పోయినవాడి దిగులు ఏమిటో బతికున్నవాళ్లు ఊహించి, దాన్ని నోరు తెరిచి పైకి చెప్పి, దానికి పూచీ పడాలి. ఈ పని చేయించడానికే మన పెద్దలు ఒక రోజు, ఒక చోటు, ఒక పిట్ట ఏర్పాటు చేశారని నాకనిపిస్తుంది.

టోక్యోలో ఒక కుర్చీ

తొషికాజు కవగుచి అనే జపాన్ రచయిత 2015లో ఒక నవల వెలువరించాడు. ముందు అది నాటకం. ఇంగ్లీషులో 'బిఫోర్ ద కాఫీ గెట్స్ కోల్డ్' పేరుతో మన విమానాశ్రయాల పుస్తకాల షాపుల్లో కూడా దొరుకుతుంది. టోక్యోలో నేలమాళిగలో ఉన్న ఒక పాత కాఫీ హోటలు. అందులో ఒక కుర్చీలో కూర్చుంటే గడిచిపోయిన రోజుకు వెళ్లవచ్చు. నియమాలు మాత్రం కఠినం. వెళ్లి ఏం చేసినా ఇప్పటి సంగతి మారదు. ఆ హోటలుకు ఎప్పుడైనా వచ్చిన మనుషులనే కలవగలరు. కప్పులో కాఫీ చల్లారేలోపు తాగేసి తిరిగి రావాలి.

ఏమీ మారనప్పుడు ఎందుకు పోవాలని ఎవరికైనా తోస్తుంది. ఆ నవలలో హిరాయి అనే ఆమె ఇల్లు వదిలి వచ్చేసింది. చెల్లెలు వెదుక్కుంటూ వచ్చిన ప్రతిసారీ కనబడకుండా తప్పించుకునేది. ఆ చెల్లెలు తిరుగు దారిలో కారు ప్రమాదంలో పోయింది. హిరాయి ఆ కుర్చీలో కూచుని వెనక్కి వెళుతుంది. చెల్లెలిని బతికించలేదు. కానీ ఈసారి దాక్కోకుండా ఎదురుగా కూచుని మాట్లాడుతుంది, వింటుంది. తిరిగొచ్చాక ఊరికి పోయి ఇంటివాళ్ల సత్రం పని అందుకుంటుంది. చావు మారలేదు, బతుకు మారింది.

కొమురయ్య కాకికీ, ఈ కాఫీ కప్పుకూ చుట్టరికం ఇక్కడే. రెండూ తొందరపెడతాయి. గడువు లేకపోతే హిరాయి ఇంకో పదేళ్లు వాయిదా వేస్తుంది, కొమురయ్య కొడుకులూ అల్లుడూ ఇంకో ఇరవై ఏళ్లు అలకలోనే ఉంటారు.

జపాన్‌లోనే ఇంకొకటి, కథ కాదు, నిజం. ఒత్సుచి అనే సముద్రతీరపు ఊళ్లో ఇతారు ససాకి అనే ఆయన 2010లో తన తోటలో తెల్లటి టెలిఫోన్ బూత్ ఒకటి పెట్టుకున్నాడు. పోయిన తన దాయాదితో మాట్లాడుకోవడానికి. ఫోనుకు తీగ లేదు. 2011 మార్చి 11 సునామీలో ఆ ఊళ్లో వెయ్యి మందికి పైగా పోయారు. ససాకి ఆ బూత్‌ను అందరికీ తెరిచాడు. జనం వచ్చి, రిసీవరు ఎత్తి, పోయినవాళ్లతో మాట్లాడి వెళ్లారు. దాన్ని ఆధారం చేసుకుని లారా ఇమాయి మెస్సినా 2020లో నవల రాసింది. స్వీడన్ రచయిత ఫ్రెడ్రిక్ బక్మన్ 2012లో రాసిన 'ఓవె' కథలోనూ ఇంతే. భార్య పోయిన ముక్కోపి ముసలాయన ఆమె సమాధి దగ్గరికి పోయి రోజువారీ సంగతులు, వీధివాళ్ల మీద ఫిర్యాదులు చెబుతుంటాడు. తానూ పోదామనుకున్న ప్రతిసారీ ఏదో పని పడి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. పాఠకుడు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటాడు.

మన గడ్డ మీద సెలవు

సెలవు చెప్పుకోవడానికి చోటు దొరక్కపోతే ఏమవుతుందో మా ప్రాంతానికి బాగా తెలుసు. కంపెనీ దొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోట మీద వేలాడదీశారు. అది 1877 దాకా అట్లే ఉంది. ముప్పై ఏళ్లు. తలకొరివి, దినాలు, ఏదీ వరసగా జరగని చావు. ఆ లోటు తీర్చింది పాట. ఆయన కథను జనం పాడుకున్నారు, నేటికీ పాడతారు. 2019లో సినిమా వచ్చేదాకా ఆయన పేరును నిలిపింది గాయకుల గొంతే.

ఆళ్లగడ్డలోనే దగ్గరి సంగతి ఇంకొకటి. 2014 ఎన్నికల వేళ అభ్యర్థి శోభా నాగిరెడ్డి ప్రచారం ముగించుకుని వస్తూ కారు ప్రమాదంలో గాయపడి, ఏప్రిల్ 24న మరణించారు. బ్యాలట్‌లో పేరు అట్లే ఉండిపోయింది. మే 7న పోలింగు జరిగింది, ఆమే గెలిచారు. ఆ ఓట్లన్నీ దుఃఖంతో వేసినవే అని నేను అనను, రాజకీయం రాజకీయమే. కానీ ఆ రోజు వరసలో నిలబడినవాళ్లలో, పోయిన మనిషికి ఏదో ఒకటి చేసే వీలు ఇదొక్కటే అనుకున్నవాళ్లు ఉన్నారని ఆ ఊరివాడిగా నాకు తెలుసు.

ఇక పీర్ల పండుగ. 680లో కర్బలాలో అమరుడైన ఇమాం హుసేన్ కోసం రాయలసీమ పల్లెల్లో మొహర్రం పది రోజులూ పీర్లను నిలుపుతారు. సాయిబుల పక్కన రెడ్లు, బోయలు, మాదిగలు గుండం తొక్కుతారు. పదో రోజు పీర్లను నీళ్లకు సాగనంపి, ఇళ్లకు వచ్చి, మర్నాడు పొలం పనికి పోతారు. ఏడుపుకు పది రోజులు, తర్వాత పని. పదమూడు శతాబ్దాలు దాటిన చావును ఏటా కొత్తగా తలచుకోవడం, ఏటా కొత్తగా సాగనంపడం. ఈ కథలన్నీ చేసే పనిని మా ఊళ్ల పీర్లచావిడి ఎప్పట్నుంచో చేస్తోంది.

పెన్సిలు రాతల పరీక్ష

అయితే ఏడిపించే కథలన్నీ మంచివి కావు. నా భార్య ఖాతాలో ఒక నవల పక్కన ఇట్లా ఉంది: "చచ్చినాయనకు ఒక్క తప్పు కూడా లేదు. నమ్మలేను." ఇది మొదటి పరీక్ష. పోయినవాళ్లను దేవుళ్లను చేసిన కథ మనసుకు పట్టదు. కొమురయ్యకు నోటి దురుసు ఉంది, ఓవెకు మూర్ఖత్వం ఉంది. లోపాలున్న మనిషి పోతేనే ఆ మనిషి లేని లోటు తెలుస్తుంది.

రెండోది: "అందరూ ఏడుస్తానే ఉండారు, ఎవరూ అన్నం వండలేదు." చావింట్లోనూ పొయ్యి వెలగాలి, పాలవాడికి డబ్బులివ్వాలి, వచ్చినవాళ్లకు చాపలు వేయాలి. ఆ పనులు కనబడని కథలో దుఃఖం గాలిలో తేలుతుంది. 'బలగం' నవ్విస్తూ నడిచిందంటే కారణం, చావింటి చిల్లర పనులను అది వదల్లేదు.

మూడోది నాకు బాగా నచ్చినది: "కడాన మళ్లీ పెండ్లి చేసి తప్పించుకున్నాడు." రచయితలు చాలామంది చేసే పని ఇది. పోయిన మనిషి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టి శుభం కార్డు వేస్తారు. మళ్లీ ప్రేమించడం తప్పని నేననను. కానీ ముందటి మనిషికి సెలవు చెప్పకుండా తెచ్చిన కొత్త ప్రేమ కథకు అతుకు మాత్రమే.

ఈ మూడు పరీక్షలకూ నిలిచే కథలు తెలుగులో పాతకాలం నుంచీ ఉన్నాయి. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లో నియమనిష్ఠల పెద్దమనిషి, తుపాను రాత్రి పరిచయమైన ఊరూపేరూ తెలియని భిక్షగత్తె కోసం ఏడుస్తాడు. బంధువు కాదు, స్నేహితురాలు కాదు, ఆమె కోసం దినాలు పెట్టేవాళ్లు లేరు. ఆ ఏడుపు హక్కును కథ ఆయనకిచ్చింది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి తల్లి తలపుల బరువు మోసుకుంటూ కోస్తా నుంచి మా సీమదాకా వస్తాడు. అనంతపురం, వజ్రకరూరుల దాకా నడిచిన నవల అది. మా కాలానికి వస్తే వెంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథ ఉంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జరిగిన పేలుడు ఎక్కడో సీమ పల్లెలో ఉన్న ఒక తల్లి మనసును ఏం చేసిందో చెబుతుంది.

డాక్టర్ల గడువు

శోకానికి ఐదు మెట్లు ఉంటాయని చాలామంది చెబుతుంటారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ మాట రాసింది చావుకు దగ్గరైన రోగుల గురించి. బంధువుల గురించి కాదు. మెట్టు తర్వాత మెట్టు ఎక్కి అందరూ ఒకేచోటికి చేరుతారనేది ఆ పుస్తకాన్ని జనం తమకు అనువుగా వాడుకున్న తీరు. 1996లో డెనిస్ క్లాస్, మరికొందరు పరిశోధకులు ఇంకో దారి చూపారు. పోయినవాళ్లతో బంధం తెంచుకోనక్కర్లేదు, రూపం మార్చుకుని అది కొనసాగవచ్చు, అదేమీ జబ్బు కాదు అన్నారు. పెద్దల అమావాస్య నాడు పెద్దలకు పెట్టుకునే ఏ ఇల్లాలిని అడిగినా ఈ మాటే చెబుతుంది.

వైద్యులు కూడా గడువు పెట్టక తప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో, ఆరు నెలలు దాటినా మనిషిని లేవనీయని శోకాన్ని చికిత్స అవసరమైన రుగ్మతగా చేర్చింది. అదే ఏడు అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దవాళ్ల విషయంలో ఏడాది గడువు పెట్టింది. మన సంవత్సరీకమూ ఏడాదికే. ఏడాది తర్వాత గుర్తొచ్చి ఏడిస్తే జబ్బని అర్థం కాదు. అన్నం తినక, నిద్రపోక, ఏ పనీ చేయలేక, బతకాలని లేదంటుంటే మాత్రం కథలు చాలవు, డాక్టరు కావాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పలుకుతారు.

దినాల తర్వాత వెళ్లండి

కథ దుఃఖాన్ని పోగొట్టదు. పోయిన మనిషి గురించి మాట్లాడే చోటు ఒకటి ఏర్పాటు చేస్తుంది. పెద్ద రచయితలు చేసేది అదే, మా చిన్నాయన చేసిందీ అదే. కాబట్టి ఆ పని మీరూ చేయవచ్చు.

మీ వీధిలో ఎవరింట్లోనైనా దినాలు అయిపోయి, షామియానా తీసేసి, చుట్టాలు బస్సెక్కాక ఒక సాయంత్రం వెళ్లండి. "మర్చిపో", "ధైర్యంగా ఉండు", "దేవుడు తీసుకుపోయినాడు" అనకండి. "ఆయన ఎట్లుండేవాడు, ఒక సంగతి చెప్పు" అనండి. కోపంగా చెప్పినా వినండి, నవ్వుతూ చెప్పినా వినండి. ఆ ఇంటి పిల్లల్లో ఒకరికి ఒక నోటుపుస్తకం కొనిచ్చి, విన్నవన్నీ రాసిపెట్టమనండి. పేరు, ఊరు, చేసిన పని, తిట్టిన తిట్లు, ఇష్టమైన కూర, తీర్చని బాకీ. ఏడాది తద్దినం నాడు భోజనాల ముందు అది చదివి వినిపించమనండి. ప్రతి ఇంటికీ సొంత కథ ఉండాలి. అచ్చు కానక్కర్లేదు, చదివితే చాలు.